గలగలలాడు బంతి

హైదరాబాదు నుండి బొంబాయికి పోవు రహదారి వెంట పడమరగా సాగినచో మొదట రామచంద్రాపురము, తరువాత పటాన్‌చెరువు, ఆ పైన కంది గ్రామము, అటుపిమ్మట సంగారెడ్డి పట్టణము వచ్చును. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్సు వారి పెద్ద కర్మాగారము కలదు. పటాన్‌చెరువు చుట్టును మందులు చేయునవి, యంత్రభాగములు చేయునవి, ఉక్కు సామానులు చేయునవి అనేక కర్మాగారములు వెలసినవి. 2008లో స్థాపింపబడిన హైదరాబాదు ఐఐటీ ఇపుడు కందిలో నున్నది.

ఈ ప్రాంతమున యంత్రములతో బ్రదుకువారికి చెవి యొక్క విలువ తెలియును. అనుభవశాలియగు ఫిట్టరు మోటారు చెంత నిలిచినచో, మూత విప్పి చూడకయే, బేరింగు అరిగినదో, బెల్టు జారుచున్నదో చెప్పగలడు. సరిగా నడచు యంత్రము ఒక విధముగాను, చెడనున్న యంత్రము వేరొక విధముగాను ధ్వనించును. అయినను అక్కడ చెవి కంటికి తోడు మాత్రమే. కన్ను బొత్తిగా లేనిచోట చెవి యెంతదూరము పోగలదు? కంప్యూటరుపై ఆటలను నిర్మించుట బొమ్మల విద్యయని యెల్లరు తలతురు. అట్టి విద్యను అంధుడు నేర్వగలడా? నేర్వగలడు, నేర్చినవారు లోకమున పలువురు గలరు. వారి మార్గము తెలియవలెనన్నచో ముందుగా ఒక బంతి సంగతి తెలిసికొనవలెను.

ఆ బంతి తెల్లనిది, గట్టి ప్లాస్టిక్కుతో చేయబడినది. దాని కడుపులో చిన్న ఉక్కుగుండ్లు ఉండును. పటాన్‌చెరువు యంత్రముల బేరింగులలో తిరుగునట్టి గుండ్లే యవి. బంతి దొర్లినపుడెల్ల గలగలమని మ్రోగును. అది అంధుల క్రికెట్టు బంతి.

1922లో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్న్ నగరమున ఇద్దరు అంధ కార్మికులు ఒక రేకుడబ్బాలో రాళ్లు పోసి, దానినే బంతిగా చేసికొని ఆడిరి. అంధుల క్రికెట్టునకు అదియే ఆరంభము. నేటి ఆటలో బౌలరు చేతిని భుజముపైకి ఎత్తక క్రిందుగా బంతిని విసరవలెను. అది పిచ్చి నడుమకు చేరకముందే నేలను తాకవలెను. లేనిచో గాలిలో మౌనముగా వచ్చు బంతిని బ్యాటు పట్టినవాడెట్లు వినగలడు? విసరుటకు ముందు బౌలరు “సిద్ధమా” యని అడుగును. బ్యాటుదారుడు ఔనన్న పిమ్మటనే బంతిని వదలును. వికెట్లు సైతము లోహపు గొట్టములతో చేయబడి, తగిలినంతనే మ్రోగును.

ఆటగాండ్రు మూడు వర్గములు. బి-1 వర్గమువారు పూర్తిగా అంధులు. బి-2 వర్గమువారికి స్వల్పమైన చూపుండును. బి-3 వర్గమువారికి అంతకంటె కొంత మేలు. పదునొకండుగురిలో బి-1 వర్గమువారు నలుగురైనను ఉండి తీరవలెను. బి-1 ఆటగాడు కొట్టిన ప్రతి పరుగును రెండుగా లెక్కింతురు. అతని బదులు పరుగెత్తుటకు వేరొకడు తోడుగా నుండును. బి-1 వర్గపు ఫీల్డరు ఒక్కమారు నేలను తాకి లేచిన బంతిని పట్టినను అది క్యాచియే యగును. ఈ మూడు నియమములను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు వీనితో పనియున్నది.

ఈ ఆటలో భారతదేశము మిక్కిలి పేరు గడించినది. తెలుగువాడగు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి నాయకుడుగా నుండ మన జట్టు 2017లో బెంగుళూరునందు ఇరువది ఓవర్ల ప్రపంచ కప్పును, 2018లో షార్జాయందు ప్రపంచ కప్పును గెలిచెను. 2023 సంవత్సరపు అర్జున పురస్కారమును అతడు పొందెను.

మచిలీపట్నమునకు సమీపమున సీతారామపురమను పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా యను అంధ బాలుడును హైదరాబాదులోని అంధుల పాఠశాలలో ఇట్టి బంతితోనే క్రికెట్టు నేర్చెను. చదరంగమును, ఈతను కూడ నేర్చెను. అతని కథలో మనకు పనికివచ్చు భాగము 2007 నాటిది. పదవ తరగతి ముగియగనే గణితమును, విజ్ఞానశాస్త్రమును చదువగోరెను. అప్పటి రాష్ట్ర నిబంధనలు అంధ విద్యార్థుల కా వీలు నీయలేదు. ఆ పాఠములలో పటములు, గ్రాఫులు ఉండును గనుక అంధులకవి సాధ్యము కావని, భాషలును కళలును చదువుకొన వచ్చునని పెద్దల అభిప్రాయము. శ్రీకాంత్ న్యాయస్థానమునకు పోయెను. ఆరు నెలలు పోరాడి గెలిచెను. అతనికే గాక రాష్ట్రములోని ఇతర అంధ విద్యార్థులకును ఆ తలుపు తెరువబడెను. నూటికి తొంబదియెనిమిది మార్కులతో పైతరగతి ముగించి, అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగివచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అను సంస్థను స్థాపించెను.

పటములు కలవు గనుక గణితము అంధునికి తగదని అన్న మాటవంటిదే, బొమ్మలు కలవు గనుక కంప్యూటరు ఆటల నిర్మాణము అంధునికి తగదను మాట. రెంటిలోను ఒక పొరపాటు దాగియున్నది. గ్రాఫు గణితము కాదు, గణితమును చూపు సాధనము. అట్లే తెరపై కదలు బొమ్మ ఆట కాదు. ఆట దాని వెనుకనున్న ప్రోగ్రాములో నున్నది. ఆ ప్రోగ్రాము బొమ్మ కాదు, వ్రాత. అక్షరములు, అంకెలు, విరామ చిహ్నములు గల వాక్యముల వరుస. వ్రాత యగునెడల దానిని చదివి వినిపింపవచ్చును.

అట్లు వినిపించు ఉపకరణమునకు స్క్రీన్ రీడరని పేరు. తెరపైనున్న వ్రాతను అది కంఠధ్వనిగా మార్చి పలుకును. అంధ ప్రోగ్రామరునకు మౌసుతో పనిలేదు. కీబోర్డుపైని మీటలతోనే ఒక వాక్యము నుండి మరియొక వాక్యమునకు, ఒక మాట నుండి మరియొక మాటకు, కావలసినచో ఒక్కొక్క అక్షరమునకు పోవుచు వినును. సామాన్యముగా చదువునపుడు కామాను, బ్రాకెట్టును ఎవరును పైకి పలుకరు. ప్రోగ్రాములో మాత్రము ఒక్క బ్రాకెట్టు తప్పినను పని చెడును గనుక వానిని సైతము పలికించుకొందురు. అలవాటు పడినవారు ఈ పలుకును ఎంత వేగముగా నడిపింతురనగా, ప్రక్కన కూర్చున్నవారికి ఒక్క మాటయు అర్థము కాదు. వ్రేళ్లతో చదువ గోరువారికి చుక్కలు పైకి లేచి క్రిందికి దిగు బ్రెయిలు పలకలును కలవు. కాని వాని వెల అధికము.

ఈ ఉపకరణములలో ఎన్‌వీడీఏ అనునది ఉచితముగా లభించును. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అను అంధ యువకుడు దీనిని 2006లో ఆరంభించెను. జేమ్స్ టే అను మరియొక అంధ ప్రోగ్రామరు అతనికి తోడయ్యెను. కొనలేనివారికి సైతము కంప్యూటరు అందుబాటులో నుండవలెనన్నది వారి ఆశయము. దీనిలో నొక విశేషము గలదు. తెరపైనున్న ప్రతి బటనును, ప్రతి పెట్టెను, ప్రతి జాబితాను ఎన్‌వీడీఏ ఒక్కొక్క “వస్తువు”గా భావించును. ఆ వస్తువునకు ఒక పేరు, ఒక పాత్ర, ఒక స్థితి ఉండును. అనగా వస్తువుల పద్ధతిలో ప్రోగ్రాము వ్రాయుట నేర్చు అంధ విద్యార్థి, ఆ పద్ధతిలోనే, అంధులచేతనే నిర్మింపబడిన ఉపకరణముతో తన పాఠమును వినుచున్నాడన్నమాట.

ఇక ఆ వస్తువుల పద్ధతి ఏమి? దానిని వివరించుటకు సంగారెడ్డి పట్టణమున ఒక అంధ విద్యార్థి గలడనియు, అంధుల క్రికెట్టును కంప్యూటరుపై చెవితో ఆడు ఆటగా తయారుచేయ బూనెననియు అనుకొందము.

మొదట ఎవరైనను చేయునట్లే అతడును చేయును. ఆటగాండ్ర పేర్లు ఒకచోట, వారి పరుగులు వేరొకచోట, వారి వర్గములు మరియొకచోట వ్రాసి, తరువాత నియమములన్నిటిని ఒకదాని క్రింద ఒకటిగా పేర్చుకొని పోవును. రెండు జట్లకు ఇరువది ఇద్దరు ఆటగాండ్రు. వ్రాత వందల పంక్తులకు పెరుగును. చూపుగలవాడు పుటను పైకి క్రిందికి జరుపుచు ఒక్కచూపులో కావలసినచోటు పట్టుకొనగలడు. వినువానికి ఆ సౌకర్యము లేదు. వినికిడి కాలువలో నీరు వంటిది; పోయిన నీటిని మరల చూడవలెనన్నచో వెనుకకు నడువవలెను. ఏడువందలవ పంక్తిలోనున్నవాడు ముప్పదవ పంక్తిలో తానేమి వ్రాసెనో జ్ఞాపకము పెట్టుకొనవలెను. చూపుగలవారు తెరమీద ఉంచుకొను భారమును అంధుడు తలలో మోయవలెను. కావున ప్రోగ్రామును చిన్న చిన్న భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమును ఒక్కసారి విని మనసులో నిలుపుకొన వీలగునట్లు చేసికొనుట అతనికి అలంకారము కాదు, అవసరము.

1960 దశకములో నార్వే దేశమున ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సిమ్యులా యను కంప్యూటరు భాషను రూపొందించిరి. లోకములోని వ్యవహారములను కంప్యూటరులో అనుకరించి పరిశీలించుట వారి ఉద్దేశము. లోకములో నున్నవి వస్తువులు గనుక ప్రోగ్రామును సైతము వస్తువులుగా విభజించిరి. జావా, పైథాన్ మున్నగు నేటి భాషలు పెక్కు ఆ మార్గముననే నడచుచున్నవి.

పోతపని జరుగు కర్మాగారములో ముందుగా అచ్చును తయారుచేయుదురు. అచ్చు స్వయముగా పంపు కాదు, చక్రము కాదు. కాని దాని నుండి ఎన్ని చక్రములనైనను పోయవచ్చును. ప్రోగ్రాములో ఈ అచ్చునకు క్లాసని పేరు. దాని నుండి వెలువడినది వస్తువు, ఆంగ్లమున ఆబ్జెక్టు. మన విద్యార్థి “ఆటగాడు” అను అచ్చును ఒక్కమారు వ్రాయును. ప్రతి ఆటగానికి ఒక పేరు, ఒక పరుగుల లెక్క ఉండుననియు, అతడు బంతిని కొట్టుట, పరుగులు చేర్చుకొనుట, బంతిని పట్టుట అను పనులు చేయగలడనియు అందు చెప్పును. ఆ అచ్చు నుండి ఇరువది ఇద్దరిని పోసికొనును. ఆటగాడు ఎట్టివాడో తెలిసికొనుటకు ఇక ఇరువది ఇద్దరి సంగతి వినవలసిన పనిలేదు; అచ్చులోని ఇరువది ముప్పది పంక్తులు వినిన చాలును.

తపాలా కచేరిలో కిటికీ వద్ద ఉత్తరము నిచ్చి వత్తుము. లోపలికి పోయి సంచులు తెరచి మన ఉత్తరమును మనమే సర్దుకొనము. సర్దబోయినచో గుమాస్తా ఊరకుండడు. వస్తువులలోను అట్టి మర్యాద గలదు. ఆటగాని పరుగుల లెక్కను బయటివారెవరును తిన్నగా ముట్టరాదు. “నాలుగు చేర్చుకొనుము” అని అతనిని అడుగవలెను. ఎట్లు చేర్చుకొనునన్నది అతని సొంతపని. లెక్క తప్పినపుడు ఎక్కడ వెదకవలెనో దీనివలన తెలియును. ఆ లెక్కను ముట్టగలిగినది ఒకేయొక చోటు గదా.

ఇపుడు బి-1 ఆటగాని విషయమునకు వత్తము. అతడును ఆటగాడే. పేరు, లెక్క, కొట్టుట, పట్టుట అతనికిని గలవు. భేదములు కొన్ని మాత్రమే. కావున క్రొత్త అచ్చును మొదటినుండి వ్రాయక, “బి-1 ఆటగాడు ఆటగాని వారసుడు” అని యొక మాట వ్రాసిన చాలును. తండ్రి ఇంటిలోనున్న సామానంతయు కొడుకునకు సంక్రమించినట్లు తక్కిన గుణములు, పనులు అన్నియు వచ్చును. మారవలసిన పనిని మాత్రము మరల వ్రాయును: పరుగులు చేర్చుకొను పనిలో, వచ్చిన సంఖ్యను రెట్టింపు చేసి చేర్చుకొనవలెను. బంతిని పట్టు పనిలో, ఒకమారు నేలను తాకిన బంతిని కూడ అంగీకరింపవలెను.

దీని ఫలితము చక్కగా నుండును. అంపైరు అను వస్తువు ఎదుట నున్నవాడు ఏ వర్గమువాడో విచారింపదు. ఎవరు కొట్టినను “నాలుగు చేర్చుకొనుము” అని మాత్రమే చెప్పును. బి-3 ఆటగాడు నాలుగు చేర్చుకొనును. బి-1 ఆటగాడు ఎనిమిది చేర్చుకొనును. ఒకే ఆజ్ఞ, ఎవరి తీరున వారు నెరవేర్తురు. దీనినే బహురూపత యందురు. ఈ పద్ధతి లేనిచో “ఇతడు బి-1 వర్గమువాడైనచో” అను ప్రశ్నను పరుగుల వద్ద నొకసారి, క్యాచి వద్ద నొకసారి, తోడు పరుగెత్తువాని వద్ద నొకసారి, ఇట్లు ప్రోగ్రామంతటను చల్లవలసి వచ్చును. ఎక్కడనో ఒకచోట మరచుట తప్పదు.

తోడు పరుగెత్తువాని విషయమున మాత్రము జాగ్రత్త వహింపవలెను. బి-1 ఆటగాడు ఆటగాడే గనుక అక్కడ వారసత్వము తగును. కాని అతడు పరుగెత్తువాడు కాడు. అతనికి పరుగెత్తువాడొకడు కలడు. “అగుట” వేరు, “కలిగియుండుట” వేరు. ఈ చిన్న భేదమును గుర్తింపక వారసత్వమును తీగవలె సాగదీయువారు అనేకులు. తాత, ముత్తాత, వాని తాత అను వరుసలో అచ్చులను పేర్చినచో, ఒక పని ఎక్కడ వ్రాయబడినదో తెలిసికొనుటకు ఫైలు నుండి ఫైలునకు దుముకవలెను. చూపుగలవారికే అది విసుగు. వినువానికి దారి తప్పును. పొట్టి వంశవృక్షమే మేలు.

వ్రాయు భాష విషయమునను ఒక చిక్కు గలదు. 1991లో నెదర్లాండ్సు దేశీయుడగు గీడో వాన్ రాసమ్ లోకమునకు అందించిన పైథాన్ భాష నేర్చుటకు సులభమని పేరు పొందినది. అందు ఏ వాక్యము ఏ వాక్యమునకు లోబడియున్నదో పంక్తి మొదట విడిచిన ఖాళీలే తెలుపును. కంటికి అది ఎంతో ఇంపు. కాని ఖాళీ పలుకదు! తొలినాళ్లలో ఎందరో అంధ విద్యార్థులకు ఈ మౌనమే శత్రువు. దీనికి మార్గము లేకపోలేదు. స్క్రీన్ రీడరును తగినట్లు అమర్చుకొనినచో అది పంక్తిని చదువుటకు ముందు “నాలుగు ఖాళీలు”, “ఎనిమిది ఖాళీలు” అని చెప్పును; లేదా లోతు పెరిగినకొలది స్థాయి మారు చిన్న స్వరము నొకదానిని వినిపించును. సంగీతము నేర్చినవాడు స్వరస్థానమును గుర్తించునట్లు ప్రోగ్రామరు ఆ స్వరము వినగనే తానెంత లోపల నున్నాడో గ్రహించును.

శబ్దముతో వ్రాత యొక్క ఆకారమును తెలుపవచ్చునను భావమును బహుదూరము తీసికొనిపోయినవాడు మన దేశీయుడే. పూనాలో 1965లో జన్మించిన టి. వి. రామన్ పదునాలుగవ యేట చూపును పూర్తిగా కోల్పోయెను. బొంబాయి ఐఐటీలో చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున 1994లో డాక్టరు పట్టము పొందెను. గణిత సమీకరణములను శబ్దరూపమున వినిపించు పద్ధతియే అతని పరిశోధన. తరువాత అతడు నిర్మించిన ఈమాక్‌స్పీక్ అను ఉపకరణము ప్రోగ్రామును చదువునపుడు భాష యొక్క ముఖ్యపదములను ఒక కంఠముతోను, వ్యాఖ్యలను వేరొక కంఠముతోను పలుకగలదు. చూపుగలవారు రంగులతో గుర్తించునదానిని అతడు గొంతుతో గుర్తించెను.

ఇంతవరకు చెప్పినది సుగమమైన భాగము. దుర్గమమైన భాగము వేరొకటి గలదు. నేడు ఆటలను నిర్మించువారు పెక్కురు సిద్ధముగా దొరకు పెద్ద ఉపకరణములను వాడుదురు. వానిలో బొమ్మలను మౌసుతో పట్టి లాగి తెరపై అమర్చుట ప్రధానము. అనేక బటనులకు పేర్లుండవు, చిత్రములు మాత్రముండును. అట్టి దానిపై నిలిచినపుడు స్క్రీన్ రీడరు “బటను” అని మాత్రమే పలికి ఊరకుండును. ఏ బటను? ఎందులకు? తెలియదు. తలుపులన్నియు ఒకేవిధముగా నుండి ఏ తలుపునకును నామఫలకము లేని కచేరివంటి దది. ఇచట అడ్డు అంధత్వము కాదు, పేరు పెట్టని నిర్మాత యొక్క అశ్రద్ధ. పేరు పెట్టుట కొన్ని నిమిషముల పని. అందుచే అంధ విద్యార్థులు తరచుగా ఆ ఉపకరణములను విడిచి, ఆద్యంతము వ్రాతతోనే నడచు మార్గమును ఎన్నుకొందురు. చూపుగల సహాధ్యాయి ఒక పూటలో బొమ్మలతో అమర్చినదానిని వీరు వారము దినములు వ్రాయవలసి వచ్చుటయు కలదు. అది న్యాయము కాదు. అయినను ఆ వారములో వారికి లోపలి సంగతి ఎక్కువ తెలియును.

బొమ్మలేని ఆట రుచింపదని తలచువారి కొక మాట. 1997లో జపానునందు కెంజీ ఈనో యను నిర్మాత “రియల్ సౌండ్” అను పేర తెరపై చిత్రములేవియు లేక శబ్దముతోనే నడచు ఆటను వెలువరించెను. 2015లో ఫ్రాన్సు దేశమున అంధ వీరుని కథగా శబ్దములతోనే సాగు ఆట యొకటి వెలువడెను. అంధులకై అంధులే నిర్మించిన శబ్దక్రీడలు ఇంకను అనేకములు.

మన విద్యార్థి ఆటలోను బంతి ఒక వస్తువే. అది మైదానములో ఎక్కడ నున్నదో, ఎంత వేగముతో ఎటు పోవుచున్నదో దానికే తెలియును. అది చేయవలసిన ముఖ్యమైన పని “మ్రోగుము” అనునది. ఎట్లు మ్రోగవలెను? ఇందులకు మన చెవుల తీరు తెలియవలెను. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. కుడివైపున పుట్టిన శబ్దము కుడిచెవికి ముందుగా చేరి, ఎడమచెవికి సెకనులో వేయవవంతునకు లోపుగనే చేరును. అంత స్వల్పమైన ఎడమును మనసు పసిగట్టి, శబ్దము కుడివైపునని నిర్ణయించును. తల అడ్డుపడుటచే ఎడమచెవికి ధ్వని కొంత తగ్గును గూడ. కావున చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనులో కుడివైపు ధ్వనిని హెచ్చించి ఎడమవైపు ధ్వనిని తగ్గించినచో బంతి కుడిగా నున్నట్లు తోచును. దూరమైనకొలది రెంటిని తగ్గింపవలెను. ఆట నడచుచున్నంతసేపు కంప్యూటరు సెకనునకు అనేక మారులు బంతిని “ఎక్కడ నున్నావు” అని అడిగి, ఆ ప్రకారము ధ్వనిని సవరించుచుండును.

ఒక చిక్కు మాత్రము మిగులును. సరిగా ఎదుటనున్న శబ్దమును, సరిగా వెనుకనున్న శబ్దమును రెండు చెవులకు ఒకేసారి చేరును. నిజజీవితములో తలను కొంచెము త్రిప్పి తెలిసికొందుము. హెడ్‌ఫోనుతో తల త్రిప్పినచో ధ్వనియు వెంటనే తిరుగును, ప్రయోజనము లేదు. అందుచే ఆటల నిర్మాతలు వెనుకనున్న శబ్దమును కొంత మూతవేసినట్లు మందముగా వినిపింతురు. మన విద్యార్థి బంతికి ఆ గుణమును కూడ నేర్పును. బంతి వస్తువు ప్రత్యేకముగా నుండుటచే ఈ మార్పు ఆ ఒక్కచోటనే. అంపైరును గాని ఆటగాండ్రను గాని ముట్టవలసిన పనిలేదు.

తుదకు ఆట సిద్ధమగును. విద్యార్థి హెడ్‌ఫోను తగిలించుకొని మొదటిసారి ఆడును. బౌలరు సిద్ధమా యని అడుగును. మీట నొక్కి ఔననును. బంతి గలగలలాడుచు దూరము నుండి దగ్గరకు, ఎడమ నుండి కొంచెము కుడికి వచ్చును. సమయము చూచి మీట నొక్కును. బ్యాటు చప్పుడు, బంతి గలగల దూరమై దూరమై హద్దు దాటును. కొట్టినవాడు బి-1 ఆటగాడు. కంప్యూటరు కంఠము జట్టు మొత్తమును ప్రకటించును: “పదునారు”!

నాలుగు కొట్టిన ఎనిమిది కావలెను. పదునారు ఎట్లయ్యెను? చూపుగలవాడు వ్రాతనంతయు పైనుండి క్రిందికి చూచును. ఇతడట్లు చేయడు. ప్రతి వస్తువును తన లెక్కను పైకి చెప్పుమని కోరును. ఆటగాడు “ఎనిమిది” అనును. అనగా తప్పు అతనిలో లేదు. స్కోరుపట్టిక “పదునారు” అనును. స్కోరుపట్టిక అచ్చును తెరచి, పంక్తి వెంట పంక్తిగా వినును. పదునాలుగవ పంక్తిలో, తాను తొలివారమున వ్రాసి మరచిన మాటయొకటి వినబడును: బి-1 ఆటగాడైనచో రెట్టింపు చేయుము. ఆటగాడు తన పనిగా ఒకసారి రెట్టింపు చేయగా, తనది కాని పనిని స్కోరుపట్టిక మరియొకసారి చేయుచున్నది.

ఆ పంక్తిని తుడిచివేసి మరల ఆడును. బంతి గలగలలాడుచు వచ్చును, బ్యాటు తగులును, హద్దు దాటును. కంఠము “ఎనిమిది” అనును.